మా అమ్మ పంచిపెట్టిన ఓట్లు

శ్రీకాకుళంలో నేను పనిచేసిన డీటీపీ సెంటర్లో మేం టైపు చెయ్యనిదంటూ లేదు. పెళ్ళి శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీలు, కలెక్టరు గారికి పెట్టుకునే అర్జీలు, కుక్క తప్పిపోయిందని గోడలకి అంటించే కాగితాలు, అన్నీ నా వేళ్ళ మీదుగానే వెళ్ళేవి. పెళ్ళికొడుకు తప్పిన డిగ్రీని కూడా పేరు పక్కన అందంగా కొట్టి పెట్టేదాన్ని. చుట్టుపక్కల జనం రాతలన్నీ అచ్చుకి సాగనంపిన మనిషిని, నా సొంత వాక్యం మాత్రం ఒక్కటీ అచ్చులో పడలేదు. నేను కథలు రాస్తానని మా ఓనరుకి తెలుసు. గిరాకీ లేనప్పుడు రాసుకోమనేవాడు. గిరాకీ లేనప్పుడు కరెంటు కూడా ఉండేది కాదు.

ఫోన్లలో నెట్టు అప్పనంగా దొరకడం మొదలైన రోజులవి. అంతవరకు మిస్డ్ కాల్ తప్ప ఇంకేమీ ఇవ్వనివాళ్ళు కూడా పొద్దున్నే గులాబీ పువ్వు బొమ్మతో శుభోదయం పంపడం మొదలెట్టారు. అప్పుడే ఒక ఆన్‌లైన్ పత్రిక వాళ్ళు నూరు పదాల కథల పోటీ పెట్టారు. నూరు దాటితే బుట్టదాఖలు అన్నారు. నేను అర్జీలు టైపు చేసే మనిషిని కాబట్టి క్లుప్తత నాకు బొత్తిగా చేతకాదు. "తమరి దివ్యసముఖమునకు" అని మొదలెడితేనే సగం కాగితం అయిపోతుంది. అయినా కొట్టేసి, కొట్టేసి, నూరుకి దించి పంపాను. వచ్చిన కథల్లోంచి వాళ్ళు పదింటిని ఏరారు. అందులో నాదొకటి.

ఆ పదింటిలో గెలిచేవేవో పాఠకులే తేల్చాలన్నారు. కథ కింద పేరూ ఊరూ రాసి "నా ఓటు ఈ కథకే" అని పెట్టాలి. మనిషికొక్క ఓటు. ఒకసారి వేశాక మార్చడానికి లేదు. ఎవరి కథకి వాళ్ళు వేసుకోకూడదు. ఎక్కువ ఓట్లొచ్చిన మూడు కథల్ని ఏడాది చివర వేసే పుస్తకంలో అచ్చేస్తారు. మిగతా ఏడూ ఫోన్లోనే ఉండిపోతాయి. నాకు బహుమతి వద్దు, శాలువా వద్దు, ఆ పుస్తకంలో ఒక పేజీ కావాలి. నేను టైపు చెయ్యకుండా, ఎవరో నా వాక్యాన్ని టైపు చేసి అచ్చేస్తే చూసుకోవాలి. అంతకంటే పెద్ద ఆశ నాకు ఆ రోజుల్లో ఇంకొకటి లేదు.

ఓటడగడానికి సాహిత్యంలో ఒక మర్యాద ఉంది. నాకు ఓటెయ్యండి అనకూడదు, అది పంచాయతీ ఎన్నికల భాష. "చదవండి, మీకు నచ్చిన కథకి ఓటు వెయ్యండి" అనాలి. అలా రాసిన ప్రతివాడి మనసులోనూ నచ్చాల్సిన కథ ఒక్కటే ఉంటుంది, అది చదివేవాడికీ తెలుసు. కాబట్టి ఎవరూ చదవరు. ఒకాయన కథ కింద ఆయన అత్తవారి ఊరు మొత్తం దిగిపోయింది. ఒకావిడ కథ కింద పాతికమంది "కన్నీళ్ళు ఆగలేదు మేడమ్" అని వరసగా ఏడ్చారు. అది పెసరట్టు గురించిన హాస్యకథ. విజయనగరం నుంచి ఒక కవిగారు నాకు ఫోన్ చేసి, మీది నాకు, నాది మీకు అని బేరం పెట్టారు. నేను నా మాట ప్రకారం ఆయనకి వేశాను. ఆయన ఓటు ఇప్పటికీ దారిలోనే ఉంది.

నా బలం మా ఊరు. కళింగపట్నంలో మా వీధిలో సగం మంది మా చుట్టాలు, మిగతా సగం మంది చుట్టాలకి చుట్టాలు. అందుకని ఆదివారం బస్సెక్కి వెళ్ళాను. మా అమ్మ ఒడ్డున నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది. ఆరబోత పనిలో ఉన్నప్పుడు మా అమ్మ ముఖమెత్తదు, మాట్లాడాలంటే మనమే వంగాలి. వంగి సంగతంతా చెప్పాను.

"ఓటేటే, ఎలచ్చన్లు మొన్నే అయిపోనాయి గదా," అంది.

"అది కాదమ్మా. ఫోన్లో కతల పోటీ. పది కతలున్నాయి, నాదీ ఉన్నాది. ఎవలికి నచ్చినదానికి వాల్లు ఓటెయ్యాల. మన వీదిలో ఫోన్లున్న గుంటలందరిసేతా ఏయించు."

కన్నతల్లి దగ్గర కూడా ఆ మర్యాద వదల్లేదు నేను. నాకు వేయించు అని నోరు తెరిచి అనలేదు. పది రోజులు ఆ గుంపులో తిరిగితే ఆ జబ్బు అంటుకుంటుంది.

"ఓస్, అంతేనా. నాకొగ్గీయే. నాను సూసుకుంటాను," అంది అమ్మ.

నాకొగ్గీయ్ అనే మాట అనడానికి మా వీధిలో మా అమ్మకి హక్కుంది. పడవలొచ్చేసరికి ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి వేలంలో ఒక చేపల గుట్ట పాడుకుంటారు. తర్వాత ఆ గుట్టని కుప్పలుగా పంచేది మా అమ్మ. పెద్దదీ చిన్నదీ, మంచిదీ నలిగిందీ కలిపి ఏ కుప్పకా కుప్ప సమానంగా వేస్తుంది. ఆవిడ వేసిన కుప్పని ఇదేంటి అన్నవాళ్ళు నాకు తెలిసి లేరు. పెద్ద వల లాగినప్పుడైతే తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాళ్ళకీ ఎంతో కొంత దక్కాలి. చాతకాని ముసలాళ్ళు వచ్చి తాడు చివర ఊరికే పట్టుకుని నిలబడినా, వాళ్ళ బుట్టలో గుప్పెడు పడాల్సిందే. ఒడ్డు మీంచి ఉత్త బుట్టతో మనిషిని పంపితే మా వాళ్ళకి అదో పెద్ద తప్పు. ఇవన్నీ నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. తెలిసీ ఓట్ల పని ఆవిడకే అప్పజెప్పి, ఆ సాయంత్రం బస్సులో పుస్తకంలో నా పేజీ కుడివైపు వస్తుందా ఎడమవైపు వస్తుందా అని ఆలోచించుకుంటూ వచ్చాను.

మర్నాడు సెంటర్లో ఎవరిదో బారసాల కార్డు కొడుతూ మధ్యలో ఫోన్ చూశాను. నా ఓట్లు నాలుగు పెరిగాయి. మా వీధి పేర్లే. మిగతావాళ్ళు సాయంత్రానికి వేస్తారులే అనుకున్నాను. సాయంత్రానికి ఇంకేం పెరగలేదు. ఊరికే పై కథ తెరిచి చూస్తే దాని కింద మా పిన్ని కొడుకు పేరు, కళింగపట్నం అని ఊరు, "నా ఓటు ఈ కథకే." నా ఒళ్ళు మండిపోయింది. వాడికి పదోతరగతి లెక్కలు నేర్పింది నేను. ఇంకో కథ తెరిచాను, అందులో మా మేనమామ కూతురు. పెసరట్టు కథ కింద మా పక్కింటి కోడలు. ఏ కథ తెరిచినా కళింగపట్నమే. బంధువులంతా కలిసి నా మీద కుట్ర పన్నారనుకుని, బారసాల బిడ్డ పేరుండాల్సిన చోట మా పిన్ని కొడుకు పేరు కొట్టేశాను. అదృష్టం, ఓనరు చూశాడు.

అమ్మకి ఫోన్ చేశాను.

"మనోల్ల ఓట్లన్నీ సెదిరిపోనాయేటమ్మా?"

"సెదిరిపోనేదు. నానే పంచినాను," అంది తాపీగా. "నలభై ఫోన్లు తేలినాయి. పది కతలు. తలా నాలుగు. ఎవలికీ ఎక్కువ నేదు, తక్కువ నేదు."

"నాకేయిస్తావనుకున్నాను గదే."

"నీకూ ఏయించినాను గదా. నీ నాలుగూ నీకొచ్చినాయా, నేదా?"

వచ్చాయి.

"నచ్చినదానికెయ్యాలన్నావు," అంది మళ్ళీ. "ఇక్కడ ఎవలికీ సదివీ తీరిక నేదు. సదవకుండా ఇది బాగున్నాది, అది బాగోనేదు అంటే తప్పు గదేటి. అందుకే సమానంగా ఏయించీసినాను. అందులో ఒకలికి ఒక్క ఓటూ నేదట, పిల్లలు సెప్పినారు. ఎవల బిడ్డో పాపం. ఉత్త బుట్టతో ఇంటికెల్తాడేటే?"

"అమ్మా, ఇది వల కాదు. పోటీ."

"పోటీ అయితే ఏటి. ఆడూ తాడట్టుకున్నాడు గదా."

ఫోన్ పెట్టేశాను. దేశంలో అందరూ చదవకుండా ఓట్లేస్తున్నారు. చదవలేదు కాబట్టి సమానంగా పంచాలని ఆలోచించిన మనిషి ఒక్క మా అమ్మే దొరికింది, అదీ నాకే దొరికింది. పోనీ మార్పిద్దామంటే మార్చడానికి లేదు. ఆ నిబంధన పెట్టినవాళ్ళని మనసులో తిట్టాను. చదువుకున్నవాళ్ళ తిట్లు చాలక మా ఒడ్డు తిట్లు కూడా తిట్టాను.

ఫలితాలొచ్చాయి. నాది నాలుగో స్థానం. మూడో కథ నన్ను రెండు ఓట్లతో దాటింది. ఆ కథ కింద మా ఊరివి నాలుగు ఓట్లున్నాయి. ఆ నాలుగు పేర్లూ నేను కంఠతా చెప్పగలను, అందులో ఒకడికి నేను పేరు పెట్టాను.

"నాలుగో స్థానం అంటే ఏం తక్కువా," అన్నాడు మా ఓనరు.

"పుస్తకంలో మూడే వేస్తారండి."

"అయితే తక్కువే," అని ఒప్పుకుని, టీ తెప్పించాడు. ఆ టీ తాగుతూ ఏడ్చాను. సిగ్గు పడాల్సిందేం లేదు, ఏడుపొచ్చింది, ఏడ్చాను. తర్వాత ఎవరిదో గృహప్రవేశం కార్డు కొట్టాను.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఫలితాల కింద ఆఖరి స్థానం వచ్చిన రచయిత ఒక ఉత్తరం లాంటిది పెట్టాడు. పాతపట్నం పక్కన వరి పండించుకునే రైతట. "నా కథకు ఓట్లు వేసిన కళింగపట్నం పాఠకులకు నమస్కారం. మా ఇంట్లోనే నా కథ ఎవరూ చదవలేదు. ముక్కూ మొహం తెలియని మీరు చదివి ఓటు వేశారు. మీకు అందులో ఏమి నచ్చిందో మీ నోట వినాలని ఉంది. ఆదివారం వస్తున్నాను," అని ఆ ఉత్తరం.

ఆయన పాఠకులు నలుగురూ చదవలేదు. అందులో ఒకడికి చదవడమే సరిగ్గా రాదు. మనిషి అంత దూరం నుంచి పడి వచ్చి ఈ సంగతి తెలుసుకుంటే ఏమైపోతాడో అని భయం వేసింది. పుస్తకం పోయినందుకు ఉన్న కోపం అలాగే ఉంది, దాని మీద ఈ భయం వచ్చి కూర్చుంది. ఆదివారం పొద్దున్నే ఊరెళ్ళి, ఆ నలుగురిలో వేటకి పోకుండా దొరికిన ఇద్దరినీ నిలబెట్టి పాఠం చెప్పాను. ఏం అడిగినా చివర బాగుందని చెప్పండి, ఇంకో మాట మాట్లాడకండి అన్నాను. ఏ కథకైనా అతికే మాట అది. సమీక్షలు రాసేవాళ్ళు చాలామంది దాని మీదే బతుకుతున్నారు.

ఆయన మోటారు సైకిల్ మీద వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, వెనక సీటుకి తాళ్ళతో కట్టిన పనసపండు. నాలుగో కథ రాసింది నేనేనని చెప్పి మా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పండు దించి మా అమ్మ ముందు పెట్టి, ఓట్లు వేసినవాళ్ళెవరని అడిగాడు. నేను ఆ ఇద్దరినీ ముందుకి తోశాను.

"నా కథలో మీకేటి నచ్చినాది బాబూ?" అన్నాడు ఆశగా.

"సివర బాగున్నాది," అన్నాడు మా పిన్ని మరిది కొడుకు.

"సివరంటే? ఎద్దు సచ్చిపోవడమా?"

వాడు నా వైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

"అదే. సచ్చిపోవడం బాగున్నాది," అన్నాడు వాడు.

ఆయన రెండోవాణ్ణి అడిగాడు. వాడు కూడా ఎద్దు చచ్చిపోవడం చాలా బాగుందన్నాడు. ఆయన ముఖం మెల్లగా మారడం మొదలైంది. మా అమ్మ ఇదంతా చూస్తూ చేటలో చేపలు ఏరుతోంది. ఇక ఊరుకోలేకపోయింది.

"ఒగ్గీండి బాబూ. ఎవలూ సదవనేదు," అంది. "మీకు ఒక్క ఓటూ నేదంటే నానే ఏయించినాను. మీకే కాదు, అందరికీ సమానంగా ఏయించినాను."

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. ఆయన పనసపండు వైపు చూశాడు, మోటారు సైకిల్ వైపు చూశాడు. పండు తీసుకుని వెళ్ళిపోతాడేమో అనుకున్నాను.

"అందుకేటి బాబూ, ఇప్పుడు సదవండి. ఇంటాం," అంది మా అమ్మ. "సేపలు తిరగేసీ టైముకి ముందే అయిపోవాల గాని."

"నిమిషంలో అయిపోద్దమ్మా," అన్నాడాయన, జేబులోంచి ఫోన్ తీస్తూ.

ఆడవాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటున్నారు. ఆయన చదివేశాడు. ముందే చెప్పాను గదా, నూరు పదాలు. పక్కింటి ముసలమ్మ కాళ్ళు చాపుకుని, చెంగు సర్దుకుని, "ఇంక మొదలెట్టండి బాబూ," అంది.

"అయిపోనాదమ్మా."

"అప్పుడేటి? కూకోనేదు గదా నాను."

ఆయన మళ్ళీ చదివాడు. ఒడిశా వాళ్ళకి అమ్మేసిన ముసలి ఎద్దు అక్కడినుంచి నడిచి నడిచి తిరిగొచ్చి, తన కొట్టంలో తన చోట పడుకుని చచ్చిపోవడం, అంతే కథ. ఈసారి అందరూ విన్నారు. విన్నాక ప్రశ్నలు. దారి దానికెలగ తెలిసినాది, మధ్యలో ఏరు ఎలగ దాటినాది, కొన్నోడు వెతుక్కుంటూ రానేదా, రెండో ఎద్దు ఏమైపోనాది. ఆయన అన్నిటికీ చెప్పాడు. కథలో లేనివి, నిజంగా జరిగినవి, అన్నీ చెప్పాడు. ముసలమ్మ ఆ ఎద్దు పేరడిగింది. ఆయన ఆ పేరు రెండుసార్లు చెప్పాడు. నూరు పదాల మీద అంతసేపు మాట్లాడుకోవడం నేను ఏ సాహిత్య సభలోనూ చూడలేదు. ఓట్ల సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. నాకు మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంది. ఆఖరి స్థానం వచ్చినాయన కథ మా ఒడ్డు విన్నది. నాది వినలేదు.

పనసపండు కోస్తుండగా ఆయన నా వైపు తిరిగాడు.

"పది కతలూ సదివినానమ్మా, నీదయితే రెండుసార్లు సదివినాను. నీకెయ్యాలా, ఆ మూడోదానికెయ్యాలా అని శానా ఆలోసించి, దానికే ఏసినాను. ఏటనుకోకు."

ఏమనుకుంటాను. పదీ చదివి ఓటేసిన మనిషి నాకు తెలిసినంతలో ఆయనొక్కడే, ఆ ఒక్కడూ నాకు వెయ్యలేదు.

"దాని కతలో ఏటున్నాది బాబూ?" అంది మా అమ్మ, పనస తొన తీస్తూ.

"అదేటమ్మా, మీరే ఉన్నారు గదా. బస్సు టాపు మీద కూకున్నది మీరు కాదా?"

మా అమ్మ చెయ్యి ఆగిపోయింది. ముఖమెత్తి నన్ను చూసింది. "సదువు," అంది.

నేను ఫోన్ తీసి చదివాను. శుభలేఖలు తప్పుల కోసం పైకి చదివే గొంతు నాది, ఎప్పుడూ తడబడదు. ఆ రోజు తడబడింది. కథ మా వీధిలో అందరూ చెప్పుకునేదే. మా అమ్మ చేపల గంప బస్సులో వద్దని కండక్టరు టాపు మీద పెట్టించాడు. గంప ఉన్నచోటే నేనూ ఉంటానని ఆవిడ నిచ్చెనెక్కి గంప పక్కన కూర్చుంది. కళింగపట్నం నుంచి శ్రీకాకుళం దాకా తాటితోపులూ చేలూ అన్నీ తన కిందనుంచి పోతుంటే చూస్తూ వచ్చింది. దిగాక కండక్టరు టిక్కెట్టడిగితే, నీ బస్సులో నానెక్కనేదు, నీ బస్సు మీదెక్కినాను అంది. నూరు పదాలు అయిపోయాయి. ఈసారి ఇంకా మొదలెట్టమని ఎవరూ అనలేదు. ముసలమ్మ నవ్వుతూ, అవును, ఆ కండక్టరు మరి ఈ రూటుకి రానేదు అంది.

మా అమ్మ నవ్వలేదు.

"నువ్వు నేవేటే ఇందులో?" అంది.

"నానెందుకుంటానమ్మా?"

"నా ఒల్లోనే ఉన్నావు గదే. పాలు తాగీ గుంటవి. గాలికి జారిపోతావని తువ్వాలు పెట్టి నా నడుంకి కట్టుకున్నాను. ఒక సేత్తో గంప, ఒక సేత్తో నువ్వు. ఊరొచ్చీదాకా నవ్వుతానే ఉన్నావు."

ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. వీధిలో చెప్పుకునే కథలో గంప ఉంది, కండక్టరు ఉన్నాడు, టిక్కెట్టు మాట ఉంది. నేను లేను. ఫోన్లో ఉన్న నా నూరు పదాల వైపు చూశాను, కళ్ళ ముందు అక్షరాలు అలుక్కుపోయాయి. పాతపట్నం ఆయన ముఖం పక్కకి తిప్పుకుని పనస తొన తినడంలో పడ్డాడు.

మా అమ్మ లేచి చీర కుచ్చిళ్ళలో ఇసక దులుపుకుంది. చేపలు తిరగేసే వేళ దాటిపోయింది. రెండడుగులు వేసి ఆగింది.

"ఇది నాకు ముందే ఇనిపించుంటే పంచీదాన్ని కాదే," అంది. "నలభయ్యీ నీకే ఏయించీదాన్ని."